మా అమ్మకు దురద లేదు

జగిత్యాలలో ఒక చర్మవ్యాధుల డాక్టరు దగ్గర పదహారేళ్లుగా ల్యాబ్‌లో పని చేస్తున్నాను. చెప్పుకోవడానికి పెద్ద పనేం కాదు. రోగి వేళ్ల సందుల్లోనో, నడుము దగ్గరో చిన్న బ్లేడుతో పైపొర గీకి, ఆ పొట్టును గాజుపలక మీద వేసి, ఒక చుక్క మందు పోసి మైక్రోస్కోప్ కింద చూడాలి. గజ్జి అయితే పురుగు కనబడుతుంది. గుండ్రటి ఒళ్లు, పొట్టి కాళ్లు. మామూలు కంటికి ఆనదు. చర్మంలో సొరంగం తవ్వుకుంటూ, గుడ్లు పెట్టుకుంటూ పోతుంది. ఒక్కోసారి పురుగు దొరకదు, ఒక గుడ్డు దొరుకుతుంది. ఏది దొరికినా రిపోర్టులో ‘ఉంది’ అని రాస్తాను. ఆ రాత నాదే, కింద సంతకం డాక్టరుది.

ఉండేది కోరుట్లలో. పొద్దున బస్సుకు పోయి పొద్దుగూకే వేళకు వస్తాను. మా వాడకట్టులో నన్ను ల్యాబ్ మేడం అంటారు గాని, వాళ్ల లెక్కలో నేను సగం డాక్టర్ని. బస్సు దిగి ఇల్లు చేరేలోపు ఎవరో ఒకరు చెయ్యి చాపి “గిదేంది మేడం?” అని అడగాల్సిందే. నాకు ముక్కు మీదే కోపం. ఇలా అడిగేవాళ్ల మీద మాత్రం ఏ రోజూ రాలేదు. నిజం చెప్పాలంటే అది నాకు ఇష్టంగా ఉండేది. మా నాన్న తాళ్లెక్కి కల్లు గీసి బతికిన మనిషి, అమ్మ నలభై ఏళ్లు బీడీలు చేసింది. ఆ ఇంటి పిల్లను పట్టుకుని నలుగురూ సలహా అడుగుతుంటే ఎవరికి చేదు? అందుకని అందరికీ ఒకటే మాట, చాలా దర్జాగా చెప్పేదాన్ని. దురద ఉంటే గజ్జి, దురద లేకపోతే కాదు. ముందు ఎవరికి మొదలైతే వాళ్లే ఇంట్లోకి తెచ్చినట్టు. ఈ రెండు మాటలతో సగం వాడకట్టుకు వైద్యం చేశాను.

రెండేళ్ల కింద ఎండాకాలంలో అమ్మ బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయింది కాని కుట్టు తొందరగా మానలేదు. నెల రోజులు ఒక పెద్ద దవాఖానా వార్డులో పడి ఉంది. పగలు ఒక ఆయమ్మ చూసుకునేది, సాయంత్రం నేను పోయి కాసేపు మంచం పక్కన కూర్చుని వచ్చేదాన్ని. కుట్టు ఎందుకు మానలేదో నాకు అనుమానం ఉండనే ఉంది. మోకాళ్ల నొప్పులకు ఒక ఆరెంపీ డాక్టరు ఇచ్చిన చిన్న తెల్ల గోళీలను అమ్మ ఏళ్ల తరబడి మింగింది. వేసుకుంటే నొప్పి పోయేది, బీడీలు సాగేవి. ముఖం గుండ్రంగా నిండింది. ‘బిడ్డ కొలువు చేస్తున్నది, అవ్వ ఒళ్లు చేసింది’ అని వాడకట్టు మెచ్చుకునేది. అవి స్టెరాయిడ్ గోళీలని, ఒంటిని ఎలా గుల్ల చేస్తాయో నాకు తెలుసు. రెండుసార్లు తిట్టాను. మూడోసారి ఆమె మూలుగు వినలేక నేనే కొనుక్కొచ్చాను. వార్డులో కూడా దిండు కింద దాచుకుని వేసుకుంది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

ఇంటికి తెచ్చిన రోజే ఆమె పనిలో చేరింది. ఆమె అని తప్ప పేరు రాయను, రాసే హక్కు నాకు లేదు. కథలాపూర్ దిక్కు ఒక పల్లె నుంచి పొద్దున్నే ఆటోలో వచ్చేది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. గుంట భూమి లేని కుటుంబం, ఆదివారం చర్చికి పోయే కుటుంబం. మంచాన పడ్డవాళ్లకు స్నానం చేయించడం, ఒళ్లు తుడవడం, పక్క మార్చడం ఆమె పని. మా వాడకట్టులోనే ఇంకో మూడిళ్లలో చేసేది. ఈ పని అందరికీ చేతకాదు. నాకసలే చేతకాదు. నేను పోస్తే నీళ్లు అమ్మ కళ్లల్లోకి, ముక్కులోకి పోయేవి. “నన్ను ముంచి చంపుతవా ఏందే!” అని అరిచేది. ఆమె పోస్తే అదే మనిషి కళ్లు మూసుకుని బుద్ధిగా కూర్చునేది.

“అవ్వా, జర మెడ ఎత్తు. నీళ్లు ఏడిగ ఉన్నయా?” అని అడిగి, చేత్తో నుదుటి మీద అడ్డం పెట్టి పోసేది. తర్వాత కొబ్బరినూనె రాసి, తల దువ్వి, మంచం మీద చెద్దరు మార్చి, చాయ తాగి పోయేది. నన్ను అక్కా అనేది. నేను చెల్లె అనేదాన్ని.

అమ్మ వేళ్ల సందుల్లో ఏదో బూడిదరంగు పొట్టు ఉందని ఇంటికి తెచ్చినప్పుడే చూశాను. ఆ రోజు అమ్మ కుర్చీలో కూర్చుని చేతులు జోడించిన ఫొటో ఒకటి నా ఫోన్‌లో ఉంది, అందులో కూడా కనబడుతుంది. వార్డులో పడి ఉన్న మట్టి అనుకున్నాను. పోను పోను అరచేతులు, మడమలు మందమెక్కాయి. గోళ్లు దళసరై పసుపు తిరిగాయి. సున్నం పూసి ఎండినట్టు పొరలు పొరలుగా లేచేది. “దురద ఉన్నదా అమ్మా?” అని అడిగాను. “లేదు బిడ్డా, మొద్దు బారినట్టున్నది అంతే” అంది. తునికాకు, తంబాకు తొక్కి తొక్కి నలభై ఏళ్లు అరిగిన చేతులు కదా, దానికి తోడు ముసలితనం, అనుకున్నాను. మా డాక్టరుకు ఒక ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. ఇంత చిన్నదానికి ఆయన్నేం అడుగుతాం అని, క్లినిక్‌లో ఉత్తగా వచ్చిన ఒక ట్యూబు తెచ్చి పెట్టాను. అది కూడా ఆ గోళీల జాతి మందే. పొద్దుటి స్నానం కాగానే దాన్ని ఆమె ఒట్టి చేతులతో అమ్మ మడమలకు పామేది.

నెల దాటాక నాకు దురద మొదలైంది. నడుము చుట్టూ, మణికట్టు దగ్గర, వేళ్ల సందుల్లో. అమ్మ పక్కనే పడుకునేదాన్ని. బ్లేడు తీసి నా చెయ్యి నేనే గీక్కుని జగిత్యాల పట్టుకుపోయి చూస్తే పురుగు. పదహారేళ్లు ఇతరుల ఒంటి మీద చూసినదాన్ని నా ఒంటి మీద చూసేసరికి తల కొట్టేసినట్టయింది. సిగ్గు కంటే ముందు వచ్చింది కోపం. ఎవరు తెచ్చారు? అమ్మ మంచం దిగదు, అమ్మకు దురదే లేదు. నేను రోజూ చేతులు కడుక్కునే మనిషిని. మిగిలింది ఒక్కరే.

మర్నాడు ఆదివారం. మామూలుగా ఆదివారం పొద్దున ఆమె రాదు, మధ్యాహ్నం చర్చి అయిపోయాక వస్తుంది. అప్పటికి మా ఇంటి ముందు రేకుల పందిరి కింద అయిదారుగురు ఆడవాళ్లు చాటలు ముందేసుకుని బీడీలు చేస్తున్నారు. అమ్మ బీడీలు చేసిన కాలం నుంచీ అది వాళ్ల జాగా. ఆమె గేటు తీసుకుని రాగానే చేతులు చూపించమన్నాను. వేళ్ల సందుల్లో గీరిన గాట్లు, చిన్న చిన్న పొక్కులు.

“ఎన్ని దినాల సంది ఉన్నది?”

“నెల దాటె అక్కా. అవ్వకు తానం పోసుడు షురువు చేసిన మూడు దినాలకే అచ్చింది. సబ్బు పడకనేమో అనుకున్న.”

“మూడు దినాలకు గజ్జి రాదు. పురుగు ఒంటి మీదికి ఎక్కినంక దురద వచ్చేసరికి నెల పడుతది. పుస్తకంల ఉన్నది. అంటే నువ్వు మా ఇంటికి రాకముందే నీకు ఉన్నది.”

ఆమె నా ముఖంలోకి చూసింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

“ఇంతకుముందు ఎన్నడన్న వచ్చిందా?” అని అడిగాను.

“చిన్నప్పుడు అచ్చింది. హాస్టల్ల ఉన్నప్పుడు.”

అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. నిజం చెప్పింది, నేను దాన్ని నేరం ఒప్పుకున్నట్టు పట్టుకున్నాను. హాస్టల్ అన్న మాట వినగానే పందిరి కింద ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ చూపులో ఏముందో నాకు తెలుసు. ఏ హాస్టలో, ఎవరి పిల్లలు ఉండే హాస్టలో, అదంతా ఆ చూపులో ఉంది. నేను దాన్ని ఆపలేదు సరికదా, దాని మీదే నిలబడి గొంతు పెంచాను. “గీమెకు గజ్జి ఉన్నది. మా ఇంట్ల అంటించింది. మీ మీ ఇండ్లల్ల ముసలోళ్లకు అంటకముందే జాగ్రత్త పడుండ్రి” అన్నాను. ల్యాబ్ మేడం చెప్పింది. ఇంకేం కావాలి? ఆ సాయంత్రానికల్లా మిగతా మూడిళ్లూ ఆమెను రావద్దన్నాయి.

 ఆమె లోపలికి తొంగి చూసి “అవ్వా, పోతున్న” అంది. అమ్మ ఏదో అడుగుతూనే ఉంది. ఒక మందు సీసా చేతిలో పెట్టి పంపాలన్న ఇంగితం కూడా నాకు లేకపోయింది. క్లినిక్‌లో గజ్జి అని రాసిన ప్రతి మనిషికీ, ఎంత గర్వపోతుకైనా, మందు ఎలా పూసుకోవాలో చెప్పి పంపేదాన్ని. ఆమెను మాత్రం అలాగే పంపేశాను.

తర్వాత శుభ్రంగా ఇల్లంతా కడిగి, బట్టలన్నీ వేడినీళ్లతో ఉతికాను. మెడ నుంచి పాదాల దాకా మందు పూసుకున్నాను. అమ్మకు పూయలేదు. దురద లేని ముసలి ఒంటికి ఘాటు మందెందుకు అనుకున్నాను. నా నుంచి అమ్మకు అంటుతుందని భయపడి, ఆమెను చూసుకోవడానికి సారంగాపూర్ నుంచి చిన్నమ్మను పిలిపించి, నేను ముందు గదిలో పడుకున్నాను. చిన్నమ్మ నెలకు కొంచెం తక్కువ ఉంది. అంతలో నా దురద పూర్తిగా పోయింది. చర్మం నున్నబడింది. ఆమె పోయాకనే పోయింది చూశారా అని పందిరి కింద నేనే చెప్పాను.

చిన్నమ్మ ఊరికి వెళ్లిపోయాక అమ్మకు నేనే స్నానం చేయించాను, మళ్లీ పక్కనే పడుకున్నాను. రెండో రోజు క్లినిక్‌లో పని చేస్తూ ఉండగా మణికట్టు మంటెత్తినట్టు దురద. గీకి చూసుకున్నాను. పురుగు దొరకలేదు, ఒక గుడ్డు మాత్రం దొరికింది.  మొదటిసారి నెల పట్టిన దురద ఈసారి రెండు రోజుల్లో వచ్చింది. ‘మూడు దినాలకే అచ్చింది’ అన్న మాట అప్పుడు చెవిలో పడింది. అన్న రోజు పడలేదు. వారం తిరక్కుండా చిన్నమ్మ ఫోన్ చేసింది. ఒళ్లంతా ఒకటే గోకుడు, నిద్ర లేదు, మీ ఇంటికి అచ్చిపోయినంకనే షురువైంది అని. అప్పటికి ఆమె మా గడప దాటి నెల పైనే అయింది. ఇక మా ఇంట్లో మిగిలింది ఎవరు?

ఆ సాయంత్రం అమ్మ మడమ మీద పొర గీకాను. బ్లేడు పెట్టక ముందే పొట్టు రాలింది. మర్నాడు పలక మీద వేసి చూశాను. పురుగు కోసం వెతకాల్సిన పని లేకపోయింది. పిల్ల పురుగులు, పెద్దవి, గుడ్లు, పెంకులు, ఎటు జరిపినా అవే. పదహారేళ్లలో అన్ని ఒక్కచోట చూడలేదు. పలక మార్చకుండా అదే పనిగా చూస్తుండడం డాక్టరు గమనించాడు. ఆయనే వచ్చి వంగి చూసి, “ఎవరిది?” అన్నాడు.

“మా అమ్మది సార్.”

 ఆయన గోళీల సంగతి, ట్యూబు సంగతి, పనిమనిషి సంగతి ఒక్కొక్కటి అడిగి తెలుసుకున్నాడు. నేను దాచకుండా చెప్పాను.

“దురద పురుగు పెట్టేది కాదమ్మా” అన్నాడు. “ఒళ్లు చేసే లొల్లి అది. వచ్చింది పగోడని గుర్తుపట్టి ఒళ్లు కొట్లాటకు దిగితే దురద వస్తది. మొదటిసారి గుర్తుపట్టనికి నెల పడ్తది. ఒకసారి గుర్తుపట్టినంక ఇగ మర్చిపోదు. మల్ల ఎన్ని ఏండ్లకు ఎక్కినా రెండు మూడు రోజుల్లనే లొల్లి షురువు. ఆ పిల్లకు చిన్నప్పుడు వచ్చింది గనుక తొందరగ దురద వెట్టింది. నీకు కొత్త గనుక నెల పట్టింది. ఇద్దరికీ అంటింది ఒక్కసారే, మీ అమ్మ దగ్గర్నే.”

“మరి అమ్మకు దురద లేదు కదా సార్?”

“ఎక్కడ ఉంటది? కొట్లాడే శక్తిని గోళీలతోటి నొక్కేసిండ్రు. మీదికెళ్లి ట్యూబు పూసిండ్రు. గోక్కునే మనిషి మీద పురుగులు పది పదిహేను ఉంటే ఎక్కువ, గోకుడుకే కొన్ని పోతయి. లొల్లి చేయని ఒంటి మీద వేలకు వేలు పెరుగుతయి. నీకు ఇది తెల్వదా?”

తెలియదని అనలేను. ఎక్కడో చదివాను, సగం. నెల పడుతుందన్న సగం గుర్తుంది, రెండోసారి పట్టదన్న సగం గుర్తులేదు. గుర్తున్న సగంతో ఒక మనిషి అన్నం తీసేశాను. నన్ను నేను తిట్టుకోవడానికి ఆ రోజు మాటలు చాలలేదు.

అమ్మకు కొన్నేసి రోజులు విడిచి మాత్రలు, ఒంటికి మందు, పొరలు మెత్తబడే పూత. పాత గోళీలు ఒక్కసారి ఆపకూడదని మెల్లమెల్లగా తగ్గించారు. మూడు వారాలకు పొరలు ఊడి కింద గులాబీరంగు చర్మం బయటపడింది. దాంతోపాటు అమ్మకు ఇన్ని నెలల్లో మొదటిసారి దురద వచ్చింది. మంచం పట్టెకేసి వీపు రుద్దుకునేది, దువ్వెనతో గోక్కునేది, ఏడ్చేది. పురుగులు చచ్చాకనా ఈ దురద అని నేను బెదిరిపోతే, మా డాక్టరు “మంచిదే, ఒళ్లు లేస్తున్నది” అన్నాడు. అది చూస్తూ సంతోషించాలో ఏడవాలో నాకు తెలియలేదు.

“గా పిల్లను పిలువు. గామె పోస్తేనే జర సల్లగుంటది. ఎందుకు తీసేసినవే గామెను?” అని అమ్మ రోజూ అడిగేది. మొదట్లో ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఒకరోజు నిజం చెప్పాను. అమ్మ గోక్కోవడం ఆపి, చేతుల వైపు చూసుకుని, “నాది గామె మీద ఏసినవా?” అంది. 

ఆమె ఫోన్ పని చేయలేదు. కథలాపూర్ దిక్కు ఆ పల్లెకు పోతే ఇంటికి తాళం. అక్కడ ఎవరూ పని ఇవ్వలేదని, సిరిసిల్లలో అక్క దగ్గరకు పోయిందని పక్కింటివాళ్లు చెప్పారు. కోరుట్లలో పడ్డ పేరు ఆటోలో ఆమె కంటే ముందే ఊరు చేరింది. తర్వాతి ఆదివారం సిరిసిల్ల వెళ్లాను. సాంచాల షెడ్డులో, మరమగ్గాలకు నూలు కండెలు చుడుతోంది. మగ్గాల మోతలో నా పిలుపు వినబడలేదు, పక్కామె భుజం తట్టి చూపించింది. బయటికి వచ్చి నాకు నాలుగడుగుల దూరంలో నిలబడింది. తనది అంటుతుందన్న మర్యాదో, నాది అంటుతుందన్న భయమో తెలియదు.

“నీ తప్పు లేదు చెల్లె. మా అమ్మకే ఉండె. నీకు అంటింది మా ఇంట్లనే. నాకు తెలువలె” అన్నాను.

“నాకు ఎరుకే మేడం. గా దినమే చెప్పిన గదా.”

అక్కా అనలేదు. మందు వాడావా అని అడిగితే గంధకం, కొబ్బరినూనె కలిపి పూసుకున్నానంది. తగ్గడానికి చాలా దినాలు పట్టిందట. ఆ దినాలన్నీ ఈ షెడ్డులో చేతులకు గుడ్డ చుట్టుకుని పని చేసిందట, ఎవరైనా చూసి మళ్లీ వెళ్లగొడతారని. నేను తెచ్చిన మందు ఆమె చేతికివ్వబోయాను. ఇప్పుడెందుకంది.

“వాపస్ రా చెల్లె. అమ్మ నీకోసం ఏడుస్తున్నది.”

“మీ ఒక్క ఇంటికి అస్తె ఏమంటరు? గజ్జిది మల్ల అచ్చిందంటరు. నాకు చెప్తే ఏమొస్తది మేడం? మీరు చెప్పింది నాకు కాదు గదా, వాడకట్టుకు చెప్పిండ్రు. గాడనే చెప్పుండ్రి. గా మూడిండ్లోళ్లు రమ్మంటే నేను రేపే అస్త. నా ఇల్లు గాడున్నది. గీ కిరాయి అర్రల నాకేం పని?”

నాకు అది న్యాయంగా తోచింది. తేలిగ్గా కూడా తోచింది. ఒక్క మాటతో పోయింది, ఒక్క మాటతో వస్తుంది అనుకున్నాను. ఫోన్ చేస్తానని ఆమె కొత్త నంబరు రాసుకుని వచ్చాను.

ఆ మరుసటి ఆదివారం మధ్యాహ్నం అదే పందిరి కింద, అదే మనుషుల ముందు నిలబడ్డాను. చేతిలో అమ్మ రిపోర్టు ఉంది, ఫోన్‌లో అమ్మ వచ్చిన రోజు ఫొటో ఉంది. ముందే మనసులో వల్లె వేసుకున్నాను కాబట్టి తడబడకుండా చెప్పాను. గజ్జి మా అమ్మది. ఆమెకు మా ఇంట్లోనే అంటింది. ఆ రోజు నేను చెప్పింది తప్పు.

కత్తెరలు ఆగాయి. కాసేపటికి ఒకామె నవ్వింది.

“దురద లేని గజ్జి యాడన్న ఉంటదా మేడం? నువ్వే చెప్తివి గదా, దురద ఉంటెనే గజ్జని.”

డాక్టరు చెప్పిందంతా చెప్పాను. ఒళ్లు గుర్తుపట్టడం, నెల, మూడు దినాలు, గోళీలు. క్లినిక్‌లో రోగులకు చెప్పేదానికన్నా ఎక్కువ ఓపికగా చెప్పాను. ఫొటో చూపించాను. “ముసలోళ్ల చేతులు గట్లనే ఉంటయి” అన్నారు. రిపోర్టు చూపించాను. “కాయితం రాసేది నువ్వేనాయె” అన్నారు. లోపలి నుంచి అమ్మ, “నిజమే వాల్లారా, నాకే ఉండె” అని అరిచింది. “పెద్దమనిషి, ఆమెకేం ఎరుక పాపం” అన్నారు.

వాళ్లలో పెద్దావిడ ఒకామె ఉంది. అమ్మతో కలిసి ముప్పై ఏళ్లు బీడీలు చేసిన మనిషి. ఆమె నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

“నీ మనసు ఎరుకే బిడ్డా. ఇన్ని దినాలు ఇంట్ల పని చేసిందని దాని మీద మాట పడనిస్తలేవు. నీ తల్లి మీద ఏసుకుంటున్నవు. అచ్చం మీ నాయిన తీరే నువ్వు.”

“పెద్దమ్మా, నేను మంచితనానికి చెప్తలేను! అప్పుడు చెప్పిందే అబద్ధం! నా తప్పు!” అని అరిచాను.

“ఊకో, ఊకో బిడ్డా. తల్లికి మంచిగ లేక పరేశాన్ల ఉన్నవు” అని వీపు నిమిరింది. నేను కోపంతో ఏడుస్తుంటే అందరూ జాలిపడ్డారు. ఆ మూడిళ్లకూ విడివిడిగా పోయాను. “చూస్తం తియ్యి మేడం” అని చాయ ఇచ్చారు. అబద్ధం చెప్పిన రోజు ఎవరూ కాయితం అడగలేదు, ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేదు.

సిరిసిల్లకు ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తింది. “రమ్మన్నరా?” అని అడిగింది. ఇంకా లేదన్నాను. వెనక మగ్గాలు మోగుతున్నాయి. “అవ్వకు దురద తగ్గిందా?” అంది. తగ్గుతోందని చెప్పాను. సరే మేడం అని పెట్టేసింది. ఆ తర్వాత నేను రెండుసార్లు చేశాను, రెండుసార్లూ అదే ప్రశ్న, అదే జవాబు. మూడోసారి చేయడానికి ముఖం చెల్లలేదు.

వాడకట్టులో నా పేరు ఇంకా పెరిగింది. తల్లికి రోగం తగిలించి పోయినదాన్ని కూడా ఒక్క మాట అననివ్వదు, అంత మంచి మనిషి అని చెప్పుకుంటున్నారని అమ్మే నాకు చెప్పింది.

ఇదంతా అయిన కొన్నాళ్లకు ఒక సాయంత్రం నేను బస్సు దిగి వస్తుంటే ఆ పెద్దావిడ తన కోడల్ని వెంటబెట్టుకుని మా గేటు దగ్గర నిలబడి ఉంది. కోడలి వేళ్ల సందుల్లో పొక్కులు. నాలుగు దినాల సంది నిద్ర లేదంది. లెక్క వేసుకోవడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. మందు మొదలుపెట్టిన కొత్తలో, నెల పైన కొన్ని దినాల కింద, నేను క్లినిక్‌కు పోయినప్పుడు ఈ పిల్ల అమ్మను చూడడానికి వచ్చి, మంచం మీద కూర్చుని, పూటంతా కాళ్లు ఒత్తి పోయింది.

పెద్దావిడ నా దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

“నిజం చెప్పు బిడ్డా. గామె సిరిసిల్లకెళ్లి మల్ల మన దిక్కు అచ్చిపోయిందా?”